కొలత ఎక్కడ ముగుస్తుంది, అంచనా ఎక్కడ మొదలవుతుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కృష్ణా వరద అంకెల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి విజయవాడ, గుంటూరు పరిసరాల నుంచి పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. వర్షం, వరద, గాలి, భూగర్భజలం, ఉపగ్రహ పటాలు అని విషయాలు వేరైనా సందేహం దాదాపు ఒకటే: ప్రభుత్వ శాఖలు ప్రకటించే అంకెల్లో పరికరం చెప్పింది ఎంత, మనుషులు లెక్కగట్టి చేర్చింది ఎంత, వాటిలో పౌరులకు హక్కుగా రావలసింది ఏది? ఒకే రకం ఉత్తరాలను కలిపి, కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

ప్ర: ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక జారీ చేస్తారు. ఆ క్యూసెక్కులను కొలిచే మీటరు బ్యారేజీలో ఎక్కడ ఉంటుంది? ఈ ప్రకటనలో ముడి డేటా ఏది, దాని నుంచి తయారైన సమాచారం ఏది?
– ఒక పాఠకుడు, సీతానగరం, తాడేపల్లి

జ: మీరు ఊహించినట్టు నది మొత్తానికీ కలిపి అమర్చిన మీటరేదీ ఉండదు. గేట్లున్న కట్టడం దగ్గర సిబ్బంది చూసి రాసుకోగలిగినవి ముఖ్యంగా మూడు: ఎగువన నీరు ఎంత ఎత్తున ఉంది, దిగువన ఎంత ఎత్తున ఉంది, ఏ గేటును ఎన్ని అడుగులు లేపారు. ఈ మూడింటినీ ఒక సూత్రంలో వేసి, గేటు తీరును బట్టి ముందే నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, ఒక్కో గేటు నుంచి సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో లెక్కగట్టి, మొత్తం 70 గేట్లకూ కలుపుతారు. అది దిగువకు వదిలిన నీరు. ఎగువ నుంచి వస్తున్న నీరు ఎంతో తేలాలంటే దానికి కాలువలకు ఇచ్చిన నీటినీ, బ్యారేజీలో మట్టం పెరిగిందా తగ్గిందా అన్న లెక్కనూ కలపాలి. కాబట్టి స్కేలు మీద కనిపించిన అడుగులు మాత్రమే ముడి డేటా. క్యూసెక్కులు సూత్రం సాయంతో రాబట్టిన సంఖ్య. హెచ్చరిక ఆ రెండూ కాదు, ఇంత ప్రవాహం దాటితే దిగువన ప్రజలను అప్రమత్తం చేయాలని అధికార యంత్రాంగం ముందే గీసుకున్న గీత.

ఈ తేడా పట్టించుకోవలసింది ముఖ్యంగా పెద్ద వరదల్లోనే. గేట్లన్నీ పూర్తిగా పైకెత్తి, దిగువ నీరు కూడా బాగా పెరిగినప్పుడు మామూలు రోజుల సూత్రం పనికిరాదు, వేరే సూత్రం, వేరే గుణకం వాడాలి. అంచనాలో పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. 2024 సెప్టెంబరు 2న నమోదైన 11.43 లక్షల క్యూసెక్కులు 2009 అక్టోబరు నాటి 11.10 లక్షలను దాటాయి కాబట్టి కొత్త రికార్డు అని అందరూ రాశారు, రాయడంలో తప్పూ లేదు. కానీ ఆ రెండింటి మధ్య తేడా మూడు శాతమే. లెక్కగట్టిన సంఖ్యలు రెంటిని పక్కపక్కన పెట్టి అంత చిన్న తేడా మీద పెద్ద వాదనలు నిలబెట్టేవారు, ముందుగా ఆ రెండు రోజుల నీటిమట్టాలనూ గేట్ల వివరాలనూ అడిగి తెప్పించుకోవడం మేలు.

కొలత మారకుండానే దాని నుంచి తీసిన సంఖ్య ఎలా మారిపోతుందో చూడాలంటే శ్రీశైలం దాకా వెళ్లాలి. అక్కడ పూర్తి నీటిమట్టం మొదటి నుంచీ 885 అడుగులే. ఆ మట్టం దగ్గర నిల్వ 308 టీఎంసీలని మొదట్లో లెక్కించారు; పూడిక చేరాక జరిపిన సర్వేల ప్రకారం ఇప్పుడు 215.81 టీఎంసీలని రాస్తున్నారు. నాగార్జునసాగర్‌లో 590 అడుగులకు 408 టీఎంసీలుగా ఉన్న లెక్క 312కు దిగింది. స్కేలు మారలేదు, అడుగులు మారలేదు. అడుగులను ఘనపరిమాణంగా మార్చే పట్టిక మారింది. పాత రిజిస్టర్లలో టీఎంసీలు మాత్రమే రాసి అడుగులు వదిలేసి ఉంటే, కొత్త సర్వే వచ్చాక పాత సంవత్సరాల నిల్వలను సరిదిద్దుకునే దారే ఉండేది కాదు. ముడి కొలతను పదిలంగా ఉంచాలని నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

ప్ర: మా అబ్బాయికి ఉబ్బసం ఉంది. ఉదయాన్నే గాలి ఎలా ఉందో చూసి బయటికి పంపుతుంటాను. ఫోన్‌లో రెండు యాప్‌లు ఉన్నాయి. ఒకే రోజు, మన ఊరికే, ఒకటి 75 'సంతృప్తికరం' అంటే రెండోది 124 అని నారింజ రంగులో చూపిస్తుంది. రెండూ గాలిని కొలిచే పర్యవేక్షణ కేంద్రం రీడింగే వాడుతున్నామంటాయి. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జ: రెండు యాప్‌లూ నిజమే చెబుతుండవచ్చునమ్మా. మీరిచ్చిన రెండు సంఖ్యలనూ వెనక్కి లెక్కవేసి చూస్తే రెండూ ఒకే కొలతకు చేరుతున్నాయి: ఘనపు మీటరు గాలిలో 45 మైక్రోగ్రాముల పీఎం 2.5, అంటే మనం పీల్చినప్పుడు ఊపిరితిత్తుల లోపలి దాకా చేరగల అతిసన్నని ధూళి. మన దేశపు వాయు నాణ్యత సూచీలో 24 గంటల సగటు 31 నుంచి 60 మైక్రోగ్రాముల మధ్య ఉంటే ఆ సగటును 51 నుంచి 100 మధ్య సంఖ్యగా మారుస్తారు. ఆ కొలబద్ద మీద 45 మైక్రోగ్రాములు 75 అవుతుంది. అమెరికా సూచీలో 35.5 నుంచి 55.4 వరకు ఉన్న సగటును 101 నుంచి 150 మధ్యకు మారుస్తారు. అదే 45 అక్కడ 124 అవుతుంది, 'సున్నిత ఆరోగ్యం ఉన్నవారికి హానికరం' అన్న తరగతిలో పడుతుంది. మన దేశంలో పీఎం 2.5కు 24 గంటల ప్రమాణం 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15. గాలిలో ఉన్న ధూళి ఒక్కటే, దాన్ని ఎక్కడి నుంచి ప్రమాదం అనాలో మాత్రం ఒక్కో సంస్థ ఒక్కో చోట తేల్చింది. మీ అబ్బాయి విషయంలో రెండు సూచీల్లో కఠినమైన దాన్నే పాటించమని మా సలహా.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. సూచీలోని పీఎం 2.5 భాగం 24 గంటల సగటు మీద నడుస్తుంది. పదహారు గంటలపాటు ధూళి 20 మైక్రోగ్రాములే ఉండి, రాత్రి నుంచి తెల్లవారేదాకా ఎనిమిది గంటలు 95 ఉన్నా సగటు సరిగ్గా 45 వస్తుంది. సూచీ రోజంతటికీ కలిపి ఒకే మాట చెబుతుంది. మీరు పిల్లవాడిని పంపేది మాత్రం ఆ ఎనిమిది గంటల చివరనే కావచ్చు. శీతాకాలంలో తెల్లవారుజామున గాలి నేలకు దగ్గరగా స్తంభించి ధూళి పేరుకోవడం మామూలు. అందుచేత మీకు అక్కరకు వచ్చేది సూచీ కన్నా గంటవారీ రీడింగు. కానూరు, రాజీవ్‌గాంధీ పార్కు వంటి చోట్ల ఉన్న నిరంతర పర్యవేక్షణ కేంద్రాల గంటవారీ అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. యాప్ చూపించే అంకె మీకు దగ్గరి కేంద్రానిదేనా, లేక కేంద్రం లేని చోటికి కంప్యూటర్ మోడల్ ఊహించిందా అన్నది కూడా ఒకసారి యాప్ వివరాల పేజీలో చూడండి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ముడి డేటా అన్నంత మాత్రాన అది పూర్తిగా ముడిది కాదు. కేంద్రాల్లోని పరికరం ధూళిని తూచదు. ధూళి పేరుకున్న కాగితపు పట్టీ గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి బయటికి వచ్చాయో చూసి బరువును రాబడుతుంది. ఇళ్లలో పెట్టుకునే చవక సెన్సర్లయితే లేజరు కాంతి చెదిరే తీరును చూసి బరువును ఊహిస్తాయి, తేమ ఎక్కువైతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ముడి డేటాకూ తయారైన సమాచారానికీ మధ్య గోడ లేదు, మెట్లున్నాయి. ఫలానా అంకె ఎన్నో మెట్టు మీద ఉందో, అక్కడి నుంచి కిందికి దిగి చూసే వీలుందో లేదో అడగడమే మన పని.

ప్ర: ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం మా ఊళ్లో రెండు గంటలు కుండపోత కురిసింది. ఆ తేదీ ఎదురుగా నివేదికలో వర్షం సున్నా అని ఉంది. వెబ్‌సైట్‌లో రంగుల పటం మా ఊరిని మోస్తరు వర్షం రంగులో చూపించింది. మండల కేంద్రంలోని పరికరంలో మూడో అంకె. వాతావరణ ఆధారిత బీమా ఉన్న రైతు దేన్ని పట్టుకోవాలి?
– ఒక మిర్చి రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జ: ముందు తేదీ సంగతి. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఒక తేదీకి రాసే వర్షం అంతకుముందు రోజు ఉదయం 8.30 నుంచి ఆ రోజు ఉదయం 8.30 వరకు కురిసినది. మీ మధ్యాహ్నపు వాన మర్నాటి తేదీ ఎదురుగా ఉంటుంది, అక్కడ చూడండి. ఈ గీత వల్ల ఇంకో చిక్కు ఉంది. ఉదయం ఆరున్నర నుంచి పదిన్నర దాకా ఒకే తీరున 100 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి, సగం ఒక తేదీకి, సగం మరో తేదీకి పోతుంది. 24 గంటల్లో 64.5 మి.మీ. వస్తేనే 'భారీ వర్షం', 115.6 నుంచి 'అతి భారీ', 204.5 నుంచి 'అత్యంత భారీ' కాబట్టి, పొలం మునిగినా ఆ రెండు రోజుల్లో ఏ రోజూ నివేదికలో భారీ వర్షం ఉండదు. కొలతలో తప్పు లేదు, తరగతులుగా విడగొట్టిన చోట మీ వాన రెండు ముక్కలైంది.

ఇక మండల కేంద్రంలోని పరికరం. ఆటోమేటిక్ రెయిన్ గేజ్ మూత తీసి చూస్తే గరాటా కింద ఏతంలా అటూ ఇటూ ఊగే చిన్న దొప్పల జత ఉంటుంది. ఒక దొప్ప నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండో దొప్ప గరాటా కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ యంత్రం ఒక లెక్క వేసుకుంటుంది. కొన్ని రకాల్లో ఒక ఒరుగు 0.2 మి.మీ., కొన్నింట్లో 0.5 మి.మీ. అసలు ముడి డేటా అంటే ఆ ఒరుగుల సంఖ్యే. కుండపోతలో దొప్ప ఒరుగుతున్న క్షణంలో పడే నీరు లెక్కకు రాకుండా పోతుంది కాబట్టి ఇది ఉన్నదానికన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. గరాటాలో ఆకు అడ్డుపడినా, సాలెపురుగు గూడు కట్టినా వాన వెలిసిన చాలాసేపటి దాకా చినుకులు పడుతున్నట్టు నమోదవుతుంది. అందుకే పరికరం పంపిన అంకెను పక్క కేంద్రాలతో పోల్చి సరిచూడవలసిన అవసరం ఉంటుంది.

రంగుల పటం సంగతి వేరు. అది కేంద్రాల మధ్య ఉన్న ఖాళీలను లెక్కతో పూరించి గీసింది. వాతావరణ శాఖ 1901 నుంచి తయారుచేసిన గడుల వర్షపాత డేటాలో ఒక్కో గడి అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ, అంటే దాదాపు 27 కిలోమీటర్లు. విజయవాడకూ గుంటూరుకూ మధ్య దూరం ఒక గడి కన్నా కాస్తే ఎక్కువ. దేశం మొత్తం మీద 6,955 వర్షమాపక కేంద్రాల రికార్డులను వాడిన ఆ డేటా రుతుపవనాల తీరును అధ్యయనం చేసేవారికి అమూల్యమైనదే, కానీ ఒక ఊరి మీద రెండు గంటలు విరుచుకుపడిన మేఘం అందులో చుట్టుపక్కల పొడి ఊళ్లతో కలిసి పలచబడిపోతుంది.

బీమాకు వచ్చేసరికి పటం ఎంత అందంగా ఉన్నా పరిహారానికి ఆధారం కాదు. వాతావరణ ఆధారిత పథకంలో మీ ప్రాంతానికి ముందే నిర్దేశించిన వాతావరణ కేంద్రం రీడింగే ప్రామాణికం. మీ ఊరికి ఏ కేంద్రాన్ని నిర్దేశించారో సీజను మొదట్లోనే రాతపూర్వకంగా తెలుసుకొని, వాన పడిన రోజుల గంటవారీ రీడింగులను అడిగి తీసుకోండి.

ప్ర: మా ప్రాంతంలోని ఒక పర్యవేక్షణ కేంద్రం ఏడాదిపాటు గంటగంటకూ నమోదు చేసిన అంకెలు కావాలని సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయానికి దరఖాస్తు చేశాను. 'ముడి డేటా సరిచూడనిది కాబట్టి ఇవ్వలేం. సరిచూసినది విలువ జోడించిన సమాచారం కాబట్టి రుసుము కట్టి కొనుక్కోవాలి' అని జవాబు వచ్చింది. చట్టంలో ఈ విభజన ఉందా?
– ఒక విశ్రాంత ఇంజనీరు, అరండల్‌పేట, గుంటూరు

జ: ఉత్తరం చదివాక ఆ కార్యాలయం మిమ్మల్ని అడకత్తెరలో పోకచెక్కను చేసిందనే అనిపించింది. సరిచూడక ముందు ఇవ్వరు, సరిచూశాక అమ్ముతారు. ఇక పౌరుడికి హక్కుగా మిగిలేది ఏమిటి?

2005 నాటి చట్టంలో అలాంటి విభజన లేదు. సెక్షన్ 2(ఎఫ్)లో సమాచారం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో లాగ్‌బుక్కులు, నివేదికలు, నమూనాలు, మోడళ్లు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా అన్నీ ఉన్నాయి. పరికరం రాసుకున్న లాగ్‌బుక్కూ సమాచారమే, దాని మీద నిపుణుడు రాసిన నివేదికా సమాచారమే. చట్టం అడిగేది ఒకటే: అది ఆ కార్యాలయం దగ్గర ఉందా, లేదా? 2011 ఆగస్టులో సీబీఎస్ఈ – ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే తేటపరిచింది. ఉన్న రికార్డును ఇవ్వాలి. లేని దాన్ని పౌరుడి కోసం కొత్తగా సేకరించి, క్రోడీకరించి, నిర్ధారణలు తీసి తయారుచేసి ఇవ్వవలసిన బాధ్యత, వేరే చట్టం ఏదైనా అలా నిర్వహించమని చెప్పి ఉంటే తప్ప, లేదు.

కాబట్టి దరఖాస్తు రాయడంలోనే సగం పని ఉంది. 'మా ప్రాంతంలో కాలుష్యం పెరిగిందా తగ్గిందా తెలపండి' అని అడిగితే అది విశ్లేషణ, కాదనడానికి వారికి వీలుంటుంది. కేంద్రం పేరు, తేదీలు, ఏ కాలుష్యకం, ఎంత వ్యవధికి ఒక రీడింగు అన్నవి రాసి, 'మీ వద్ద ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే, ఎలక్ట్రానిక్ ఫైలుగా ఇవ్వండి' అని అడిగితే తప్పించుకోవడం కష్టం. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు సెక్షన్ 2(జె)లో ఉంది. మీరు కోరిన రూపంలో ఇస్తే సిబ్బంది సమయం మితిమీరి ఖర్చవుతుందని సెక్షన్ 7(9)ను చూపవచ్చు. ఉన్నది ఉన్నట్టు అడిగినవారికి ఆ అడ్డంకి దాదాపు ఎదురు కాదు. జవాబుకు గడువు 30 రోజులు. అందిన జవాబు నచ్చకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

'సరిచూడనిది' అన్న సాకు గురించి కూడా రాయాలి. పరికరాన్ని సకాలంలో కాలిబ్రేట్ చేయడం (ప్రామాణిక కొలతతో పోల్చి సరిచేయడం), కరెంటు పోయిన గంటల అంకెలను తీసేయడం, అసాధ్యమైన విలువలను గుర్తించడం వంటివి కొలతను పూర్తిచేసే పనులే, కొలతకు విలువ జోడించే పనులు కావు. ప్రజాధనంతో పరికరం కొన్న శాఖ చేయవలసిన విధి అది, దానికి విడిగా ధర కట్టడం న్యాయం కాదన్నది మా అభిప్రాయం. సరిచూడటం ఇంకా పూర్తికాకపోతే 'తాత్కాలికం' అని రాసి ఇవ్వడానికి ఏ అభ్యంతరమూ ఉండకూడదు. ఆ డేటా మీద ప్రత్యేకంగా రూపొందించిన మోడలు, ఒక పరిశ్రమ కోరితే తయారుచేసి ఇచ్చిన అధ్యయనం వంటి వాటికి రుసుము ఉండటంలో మాత్రం తప్పేమీ లేదు. ప్రైవేటు సంస్థ వాణిజ్య రహస్యం అని సెక్షన్ 8(1)(డి)ని చూపినా, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2012లో ప్రకటించిన జాతీయ డేటా భాగస్వామ్య విధానం కూడా ప్రజాధనంతో సేకరించిన, గోప్యత అవసరం లేని డేటా ప్రజలకు అందాలనే చెబుతుంది. అది కేంద్రం విధానమైనా, అప్పీలులో ప్రస్తావించడానికి పనికొస్తుంది.

ప్ర: 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరదకు మా వీధిలో నడుములోతు నీళ్లు నిలిచాయి. తరవాత ఇంటర్నెట్‌లో చూసిన ఒక ఉపగ్రహ ముంపు పటంలో మా వీధి పొడిగా ఉంది. పటం అబద్ధం చెప్పిందా?
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జ: అబద్ధం కాదు, దాని చూపు అంత వరకే. వరదల సమయంలో ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంటుంది కాబట్టి మామూలు కెమెరాలు పనికిరావు. మబ్బులను దాటి చూసే రాడార్ ఉపగ్రహాల చిత్రాలతో పటాలు గీస్తారు. రాడార్ పంపిన తరంగాలు నిశ్చలమైన నీటి మీద పడి అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతాయి, ఉపగ్రహానికి తిరిగి రావు, అందుకే పొలాల్లో నిలిచిన నీరు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. ఫలానా స్థాయి కన్నా నల్లగా ఉన్నదంతా నీరే అని గీత గీసి ముంపు పటం తయారుచేస్తారు. ఇరుకు వీధుల్లో అలా జరగదు. నీటి మీద జారిన తరంగాలు ఎదుటి గోడకు తగిలి మళ్లీ ఉపగ్రహం వైపే మళ్లుతాయి. మునిగిన వీధి నల్లగా కనబడడానికి బదులు ఇంకా తెల్లగా కనిపిస్తుంది, గీతకు అవతల పడి పొడి నేల లెక్కలో చేరిపోతుంది. దానికితోడు ఉపగ్రహం మీ మీదుగా వెళ్లింది ఏ రోజు, ఏ గంటకు అన్నది కూడా తేడా తెస్తుంది. నీరు ఎక్కకముందో, తీశాకో చిత్రం తీసి ఉండవచ్చు.

ఇలాంటి పటం ఏ ఉపగ్రహం, ఏ తేదీ, ఏ సమయం, ఏ పద్ధతి అన్న నాలుగు మాటలు పక్కన రాయకుండా చలామణీ అయితే దాన్ని ఆధారంగా ఒప్పుకోనక్కరలేదు. పటంలో రంగు పడినచోట ముంపు ఉందనడం సబబే. రంగు లేదు గనుక నగరంలో ఫలానా వీధి మునగలేదనడం ఎంతమాత్రం తగదు. ఎవరైనా ఆ పటాన్ని చూపి మీ నష్టాన్ని కాదంటే, గోడల మీద నీటి చారల ఫొటోలు, తేదీతో ఉన్న వీడియోలు, ఇంటింటి సర్వేలో మీ పేరు నమోదైన వివరాలు ముందుపెట్టండి.

ప్ర: ఉచితంగా దొరికే ఉపగ్రహ డేటాతో రైతులకు పనికొచ్చే యాప్ తయారుచేసి అమ్మాలని మేము కొందరు విద్యార్థులం అనుకుంటున్నాం. 'ప్రజల సొమ్ముతో వచ్చిన డేటాను అమ్ముకుంటారా' అని కొందరు అడుగుతున్నారు. మిరపకాయ యార్డులో ఎవరిదైనా, ఆడించి కారం చేసినవాడు కారానికి ధర కట్టడంలో తప్పేముందని మా వాదన. సరైనదేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థులు, గుంటూరు

జ: మీ వాదనలో పోలిక సగం దాకే నడుస్తుంది. కాయను ఆడిస్తే కాయ మిగలదు; డేటాను ఎందరు ఆడించుకున్నా అసలు డేటా అలాగే ఉంటుంది. అందువల్ల మీ కారానికి మీరు ధర కట్టుకోవచ్చు గానీ, కాయల బస్తా మీదే అనలేరు. మరొకరు అదే ఉపగ్రహ చిత్రంతో మీకన్నా మంచి యాప్ చేసి ఉచితంగా ఇచ్చినా మీరు కాదనడానికి లేదు.

ఈ విషయంలో మన న్యాయస్థానాల ఆలోచన కూడా ఇదే దారిలో ఉంది. ఈస్టర్న్ బుక్ కంపెనీ – డి.బి. మోదక్ కేసులో 2007లో సుప్రీంకోర్టు, తీర్పుల మూలపాఠం అందరిదీ అనీ, దాన్ని శ్రమపడి సేకరించి అచ్చువేసినంత మాత్రాన హక్కు రాదనీ, సొంత నైపుణ్యం, విచక్షణ వాడి జోడించిన భాగాలకు మాత్రమే కాపీరైట్ రక్షణ ఉంటుందనీ తేల్చింది. తీర్పుల గురించి చెప్పిన ఆ సూత్రాన్ని డేటాకు అన్వయిస్తే, డౌన్‌లోడ్ చేసి వరసలు సర్దిన ఫైలు మీద మీకు చెప్పుకోదగ్గ హక్కు ఉండదు; ఏ మడికి ఎప్పుడు తడి కావాలో సూచించడానికి మీరు సొంతంగా రాసిన ప్రోగ్రాము మీద ఉండవచ్చు.

డేటాను ఉచితం చేస్తే ప్రభుత్వానికి నష్టమన్న భయానికి జవాబు అమెరికా నుంచి ఎప్పుడో వచ్చింది. అక్కడి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను ఒక్కొక్కటి వందల డాలర్లకు అమ్మినంతకాలం కొనేవారు కొద్దిమందే. 2008లో ఉచితం చేశాక వాడకం ఊహించనంతగా పెరిగింది. ఐరోపా సెంటినెల్ ఉపగ్రహాల డేటా మొదటి నుంచీ ఉచితమే. మన అంతరిక్ష విధానం 2023 కూడా ఒక్కో చుక్క నేల మీద 5 మీటర్లు, అంతకన్నా ఎక్కువ మేర చూపే ఇస్రో చిత్రాలను అందరికీ ఉచితంగా ఇవ్వాలని చెబుతోంది. అంతకన్నా సూక్ష్మమైనవి ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావారికి ధరకు.

అయితే ఉచితంగా దొరికిన ప్రతిదీ షరతులు లేనిది కాదు. ప్రభుత్వ ప్రచురణలకు మన చట్టంలో 60 ఏళ్ల కాపీరైట్ ఉంది. 2017లో తెచ్చిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు కింద విడుదలైన డేటానైతే వ్యాపారానికీ వాడుకోవచ్చు, మూలం పేర్కొనాలి. మీరు వాడే ప్రతి డేటాకూ లైసెన్సు ఏదో ముందే చూసుకోండి. యాప్‌లో అంకె కింద అది కొలత కేంద్రం రీడింగా, మీ మోడల్ అంచనానా అని చిన్న అక్షరాలతోనైనా తెలుగులో రాయండి. తప్పు జరిగిన రోజున జవాబుదారీ ఎవరో అప్పుడే తేలుతుంది. వరద, తుపాను హెచ్చరికలను మాత్రం డబ్బు కట్టినవారికే అన్న తెర వెనక పెట్టకండి.

ప్ర: గుంటూరు జిల్లాలో భూగర్భజలాలు పైకి వచ్చాయని ఒక నివేదికలో చదివాను. మా బోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: నివేదికలో పోల్చిన సంవత్సరాలు 2022 ఏప్రిల్‌కు అటూ ఇటూ ఉన్నాయేమో చూడండి. ఆ నెలలో జిల్లాల పునర్విభజనతో మెట్ట ప్రాంతమైన పల్నాడు, తీరాన బాపట్ల వేరే జిల్లాలయ్యాయి. నీరు లోతున ఉండే మెట్ట మండలాల పరిశీలక బావులు సగటు లోంచి తప్పుకుంటే, ఒక్క బావిలోనూ నీరు అంగుళం కదలకపోయినా 'గుంటూరు జిల్లా సగటు' మారిపోతుంది. జిల్లా సగటును వదిలేసి మీకు దగ్గరలో ఉన్న పరిశీలక బావి ఏదో భూగర్భజల శాఖను అడిగి, నేల మట్టం నుంచి ఎన్ని మీటర్ల లోతున నీరుందో ఒకే నెలకు సంబంధించిన అంకెలను కొన్నేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. మేలో కొలిచిన దాన్ని నవంబరులో కొలిచిన దానితో పోల్చకండి.